మూగబాధ

కుక్క కాలిమీద బండిచక్రము ఎక్కినచో అది వీథియంతయు మాఱుమ్రోగునట్లు అఱచును. దూడకు ముల్లు గ్రుచ్చుకొన్నచో కుంటుచు తల్లికడకు పోవును. పసిబిడ్డకు చీమ కుట్టినచో ఇల్లు పీకి పందిరి వేయును. ఆ కేక విని మనము పరుగెత్తుదుము, గాయమును చూతుము, మందు వేయుదుము. బాధపడు ప్రాణి కేక వేయును. కేక విన్నవాడు సాయపడును. లోకములో కరుణ తఱచుగా ఈ త్రోవనే నడచుచున్నది.

మఱి కేక వేయలేని ప్రాణి సంగతి యేమి?

అమెరికా దేశమున ఒక బాలుడు చిన్న తాబేలును పెంచుచున్నాడనుకొందము. దాని కంటి వెనుక ఎఱ్ఱని చార యుండును. అందుచేత దానిని ఎఱ్ఱచెవుల తాబేలందురు. మిసిసిపీ నదీప్రాంతము దాని పుట్టినిల్లు. అక్కడినుండి అది ఎన్నో దేశముల ఇండ్లకు పెంపుడు ప్రాణిగా చేరినది. ఒకనాడు ఆ తాబేలు బల్లమీదినుండి జారి రాతినేలపై పడినది. డిప్ప ఒక ప్రక్క పగిలినది. అది అఱవలేదు, కొట్టుకొనలేదు. తలను, కాళ్లను లోనికి ముడుచుకొని కదలక యుండెను. బాలుడు దానిని ఇటునటు త్రిప్పి చూచి, "దీనికి నొప్పి తెలిసినట్లు లేదు. డిప్ప మన గోరువంటిదే కాబోలు" అనుకొనెను.

అతడనుకొన్నట్లే చాలకాలము పెద్దలును అనుకొనిరి. ఆ పెద్దలలో వైద్యులును కలరు.

తాబేలు, పాము, బల్లి, తొండ, ఉడుము, మొసలి మొదలగువానిని సరీసృపములందురు. ఇవి శీతరక్త ప్రాణులు. అనగా వీని రక్తము ఎల్లప్పుడు చల్లగా నుండునని కాదు. మన దేహము తన వేడిమిని తానే పుట్టించుకొనును. వీని దేహము పరిసరముల వేడిమిని అనుసరించును. ఎండలో కూర్చున్నచో దేహము వెచ్చబడును. నీడకు పోయినచో చల్లబడును. వీని ముఖమున మనకు తెలియునట్టి భావము కనబడదు. పాముకు కనుఱెప్పలు లేవు. తాబేటికి కదలు పెదవులు లేవు. కన్నీరు కార్చి ఏడ్చుటయు, మూలుగుటయు వీని స్వభావము కాదు. కావున వీనికి బాధయే లేదని మనుష్యుడు తేలికగా నిశ్చయించుకొనెను.

ఆ మౌనమునకు వేఱొక కారణము కలదు. అడవిలో గాయపడిన ప్రాణి మూల్గినచో ఆ మూలుగు డేగకును, నక్కకును విందుపిలుపగును. బాధను బయటపెట్టిన ప్రాణి శత్రువు నోట పడును, దాచుకొన్నది బ్రతుకును. తరతరములుగా బ్రతికి సంతానమును పొందినవి దాచుకొన్నవే. కనుక పగిలిన డిప్పతో కదలక కూర్చున్న తాబేలు సుఖముగా నున్నదని కాదు. తన జాతికి అలవడిన రక్షణోపాయమును అది పాటించుచున్నది.

బాధ యనగా నేమో కొంచెము విచారింతము. వ్రేలికి నిప్పు తగిలినచో చర్మమందలి సన్నని నాడికొనలు ఆ సమాచారమును గ్రహించును. అది నాడులగుండా వెన్నుపామును చేరును. వెన్నుపాము వెంటనే చేతిని వెనుకకు లాగించును. అదే సమాచారము మెదడును చేరినపుడు "మండుచున్నది" అని మనకు తెలియును. చేయి లాగుకొనుట వేఱు, మండుచున్నదని తెలియుట వేఱు. తాబేలు కాలు లాగుకొన్నంతమాత్రమున దాని మనస్సులో నేమి జరిగినదో మనము చూడలేము. కాని దానికిని నాడికొనలు కలవు, వెన్నుపాము కలదు, మెదడు కలదు. బాధను అణచుటకు మన మెదడులో పుట్టు పదార్థములవంటివి దాని మెదడులోను కలవు. వానిని గ్రహించు స్థానములును కలవు. బాధయే లేని ప్రాణికి బాధను అణచు ఏర్పాటెందుకు? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను ఆలోచింపజేసినది.

డిప్ప గోరువంటిదను మాటయు నిజము కాదు. తాబేటి డిప్ప 50కి పైగా ఎముకల కూడిక. వెన్నెముకయు, ప్రక్కటెముకలును దానిలో కలిసిపోయి యున్నవి. పైన కనబడు పెచ్చులు మాత్రమే గోరువంటి పదార్థముతో ఏర్పడినవి. వాని క్రింద రక్తనాళములును, నాడులును గల సజీవమైన పొర యున్నది. డిప్పను మెల్లగా తాకినను తాబేలు గుర్తించును. డిప్ప పగులుట యనగా గోరు విఱుగుట కాదు, ఎముక విఱుగుట.

పూర్వము సరీసృపములకు శస్త్రచికిత్స చేయవలసి వచ్చినపుడు కొందఱొక సులభోపాయమును అవలంబించిరి. ప్రాణిని మంచులోనో, శీతలయంత్రములోనో ఉంచెడివారు. దేహము చల్లబడగానే అది కదలక పడియుండెడిది. అప్పుడు కత్తితో కోసి, పని ముగించి, మరల వెచ్చచేసెడివారు. ప్రాణి కదలలేదు గనుక బాధ లేదని తలచిరి. కాని చలి కండరములను బిగింపజేయును, గుండెను మందగింపజేయును; బాధను నిశ్చయముగా తొలగించునని చెప్పుటకు ఆధారము లేదు. కాలుసేతులు కట్టి, నోటిలో గుడ్డ క్రుక్కిన మనిషి కేక వేయనంతమాత్రమున వానికి నొప్పి లేదనగలమా? పైగా చల్లబడిన దేహములో గాయము త్వరగా మానదు. రోగమును ఎదిరించు శక్తి తగ్గును. అందుచేత చల్లబఱచుటను మత్తుమందునకు బదులుగా వాడరాదని నేటి పశువైద్యులు స్పష్టముగా చెప్పుచున్నారు.

20వ శతాబ్ది చివరి భాగమున ఐరోపా, అమెరికా దేశములలో బల్లులను, పాములను, తాబేళ్లను పెంచువారి సంఖ్య పెరిగినది. వానికి వైద్యము చేయువారును పెరిగిరి. 1991లో సరీసృపములకును, కప్పల వంటి ఉభయచరములకును చికిత్స చేయు వైద్యులు తమకొక సంఘమును ఏర్పఱచుకొనిరి. 2004లో ఆ సంఘ సభ్యుల అభిప్రాయములను సేకరించిన ఒక పరిశీలన ప్రకటింపబడినది. సరీసృపములకు బాధ కలదని ఆ వైద్యులలో దాదాపు అందఱును ఒప్పుకొనిరి. కాని తమ కడకు వచ్చు సరీసృపములలో సగమునకు మించి నొప్పిమందు ఇచ్చుచున్నామని చెప్పినవారు సగముమందియైనను లేరు.

ఇది వినుటకు వింతగా నుండును. బాధ కలదని తెలిసియు మందేల ఈయలేదు? వారు దయలేనివారు కారు. ఏ మందు పనిచేయునో, ఎంత ఈయవలెనో, ఏ కీడు కలుగునో వారికి రూఢిగా తెలియదు. కుక్కకును, పిల్లికిని ఇచ్చు మందుల కొలతలు గ్రంథములలో నున్నవి. తాబేటి విషయమున అట్టి ఆధారములు మిక్కిలి తక్కువ. కనుక కొందఱు మానివేసిరి. కొందఱు ఊహించి ఇచ్చిరి. ఊహించి ఇచ్చినవారు తఱచుగా వాడిన మందులలో ముఖ్యమైనది బ్యూటార్ఫనాల్ అనునది.

ఆ ఊహ సరియైనదేనా? అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున మాడిసన్ నగరములోగల విశ్వవిద్యాలయమున కర్ట్ స్లాడ్కీ యను పశువైద్యుడును, అతని సహచరులును దీనిని పరీక్షింపబూనిరి. వారు ఎన్నుకొన్న ప్రాణి ఎఱ్ఱచెవుల తాబేలే.

పరీక్ష జరిగిన తీరు తెలిసికొనదగినది. తాబేటి వెనుక కాలి అడుగున కొద్దికొద్దిగా వేడి సోకునట్లు ఒక కిరణమును ప్రసరింపజేసిరి. వేడి సహింపరానిదైనపుడు తాబేలు కాలు లాగుకొనును. లాగుకొనుటకు ఎంతకాలము పట్టినదో యంత్రము లెక్కించును. కాలు కాలిపోకుండ ఒక హద్దును ముందుగనే నిర్ణయించిరి. పిమ్మట కొన్నిటికి బ్యూటార్ఫనాల్‌ను, కొన్నిటికి నల్లమందునుండి తీయబడు మార్ఫీనును, కొన్నిటికి మందులేని ఉప్పునీటిని సూదిద్వారా ఇచ్చి మరల పరీక్షించిరి. మందు బాధను తగ్గించినచో తాబేలు కాలు లాగుకొనుటకు ఎక్కువకాలము పట్టవలెను. మందులేని నీటిని ఇచ్చుట ఎందుకనగా, సూదిపోటువలననే మార్పు కలిగినదో, మందువలన కలిగినదో వేఱుచేసి తెలిసికొనుటకు. నీటిలో ఈదుచున్న తాబేళ్ల శ్వాసను కూడ వారు విడిగా కొలిచిరి.

2007లో ప్రకటింపబడిన ఫలితములు వైద్యులను ఆశ్చర్యపఱచినవి. మార్ఫీను పొందిన తాబేళ్లు వేడిమిని ఎక్కువకాలము ఓర్చుకొన్నవి. బ్యూటార్ఫనాల్ పొందిన వానిలో అట్టి మార్పు కనబడలేదు. మందు మోతాదును ఎంతో పెంచినను కనబడలేదు. అంతేకాదు, రెండు మందులును శ్వాసను మందగింపజేసినవి. అనగా తాబేలుకు మేలు చేయుచున్నామను నమ్మకముతో వైద్యులు వాడిన మందు నొప్పిని తగ్గించినట్లు కనబడలేదు. ఊపిరిని మాత్రము తగ్గించినది. మందు ఇచ్చిన పిమ్మట ప్రాణి కదలకున్నచో "హాయిగా నున్నది" అని అనుకొనుట సులభము. ఆ కదలకుండుట హాయి కాకపోవచ్చును.

దీనికి కారణము తాళమును, తాళపుచెవిని తలచుకొన్నచో బోధపడును. నొప్పిని అణచు మందులు నాడీకణములమీది కొన్ని స్థానములలో అమరి పనిచేయును. ఆ స్థానములలో పలువిధములు కలవు. మార్ఫీను ముఖ్యముగా ఒక విధమైన స్థానమున అమరును. బ్యూటార్ఫనాల్ ముఖ్యముగా మఱియొక విధమైన దానిలో. తాబేటి బాధను అణచునది మార్ఫీను అమరు తాళమేనని ఈ పరీక్షలవలన తెలియవచ్చినది.

అట్లయినచో సరీసృపములన్నిటికిని మార్ఫీను ఇచ్చిన సరిపోవునా? ఆ పరిశోధకులే మఱి రెండు ప్రాణులను పరీక్షించి 2008లో ఫలితములను ప్రకటించిరి. వానిలో ఒకటి ఆస్ట్రేలియా దేశపు గడ్డపుతొండ. దాని గొంతుక్రింద ముండ్లవంటి పొలుసులు గడ్డమువలె కనబడును. రెండవది అమెరికా దేశపు మొక్కజొన్న పాము. ఇది విషము లేనిది. గడ్డపుతొండకు మార్ఫీను పనిచేసినది. పాముకు మార్ఫీను ఎక్కువ మోతాదులో ఇచ్చినను పనిచేయలేదు. తాబేటికి పనికిరాని బ్యూటార్ఫనాల్ పాముకు ఎక్కువ మోతాదులో కొంత పనిచేసినది. ఒకే తరగతికి చెందిన ప్రాణులైనను, ఒకదాని మందు మఱియొకదానికి మందు కాదని ఇట్లు తేలినది.

నాటినుండి పరిశోధన సాగుచునే యున్నది. ట్రమడాల్ అను మందు ఎఱ్ఱచెవుల తాబేళ్లకు బాధను తగ్గించుచు, శ్వాసను మార్ఫీనంతగా మందగింపజేయదని 2011లో ప్రకటింపబడినది. కోయవలసిన చోటును మాత్రమే మొద్దుబాఱజేయు లిడోకెయిన్ వంటి మందులను సరీసృపములకును వాడుచున్నారు. వాపును, దానివలని నొప్పిని తగ్గించుటకు మెలాక్సికామ్ అనునది వాడుకలో నున్నది. కాని దేహములో నీరు తగ్గిన ప్రాణికి ఇట్టి మందు మూత్రపిండములకు చేటు తేవచ్చును. కావున వైద్యుడు ముందుగా దాని దాహమును తీర్చి, పిమ్మట మందు వేయును.

ఇప్పుడు పగిలిన డిప్పతోనున్న ఆ తాబేటికడకు పోదము. బాలుని తల్లి దానిని మెత్తని గుడ్డ పఱచిన పెట్టెలో నుంచి, సరీసృపముల వైద్యము తెలిసిన పశువైద్యునికడకు తీసికొనిపోయినది. వైద్యుడు చేయు మొదటి పని కత్తి పట్టుట కాదు. దానిని దాని జాతికి తగిన వెచ్చదనములో నుంచుట. దేహము చల్లగానున్నచో మందు మెల్లగా వ్యాపించును, మెల్లగా ఖర్చగును. ఎంత ఇచ్చినది, ఎంత పనిచేసినది లెక్కకు అందదు. సరీసృపముల వైద్యములో వెచ్చదనము మొదటి ఔషధము.

రెండవది సూదివేయు చోటు. సరీసృపముల దేహములో వెనుక కాళ్లనుండియు, తోకనుండియు వచ్చు రక్తములో కొంత భాగము గుండెను చేరకముందే మూత్రపిండములకును, కాలేయమునకును పోవు ఏర్పాటు కలదు. అక్కడ కొన్ని మందులు పనిచేయకమునుపే నశించును. అందుచేత సామాన్యముగా సూదిని ముందు కాలి కండరములో వేయుదురు. మనుష్యునికి నడుముక్రింద వేయు అలవాటున్నదని తాబేటికిని అట్లే వేయుట తగదు.

మూడవది శ్వాస. మనకు రొమ్మునకును, కడుపునకును నడుమ శ్వాసకు తోడ్పడు కండరపు తెర యున్నది. తాబేటికి అట్టి తెర లేదు. ప్రక్కటెముకలు డిప్పలో బిగిసియున్నవి గనుక రొమ్ము ఉబ్బదు. కాళ్ల మొదళ్లయందలి కండరములును, కడుపు కండరములును కదలుటచేతనే అది ఊపిరి పీల్చును. మత్తుమందు ఆ కండరములను వదులుచేయగానే శ్వాస నిలుచును. పైగా నీటి తాబేలు చాలసేపు ఊపిరి బిగపట్టగలదు. ముఖమునకు గొట్టము పెట్టి మత్తువాయువు పీల్పించుట దానియెడ సాగదు. కనుక ముందు సూదిద్వారా మత్తు కలిగించి, నాలుక వెనుకనున్న శ్వాసద్వారములో సన్నని గొట్టము నుంచి, నిమిషమునకు కొన్ని మాఱులు మెల్లగా గాలి నింపుదురు. రక్తప్రవాహపు సవ్వడిని వినిపించు చిన్న యంత్రముతో గుండె నడకను కనిపెట్టుచుందురు. స్పృహ వచ్చి తనంతట తాను శ్వాసించువఱకు దానిని విడిచిపెట్టరు.

పగులును ఉప్పునీటితో కడిగి, విఱిగిన ముక్కలను సరిగా కూర్చి, లోహపు తీగలతోనో పట్టీలతోనో బిగింతురు. క్రిములను అణచు మందునిత్తురు. కొన్ని దినములు నీటిలో ఎక్కువసేపు ఉండనీయక, గాయమును పొడిగా నుంచుదురు. డిప్ప అతుకుటకు నెలలు పట్టును. ఒక్కొక్కప్పుడు సంవత్సరము దాటును. ఆ దినములన్నిటిలో నొప్పిమందు ఎప్పుడు తగ్గింపవలెనో నిర్ణయించుటకు వైద్యునికి ఒక సాక్షి కావలెను. ఆ సాక్షి పెంచువాడే.

ఏలయనగా తాబేలు వైద్యుని బల్లమీద తన బాధను చూపదు. క్రొత్తచోటున భయముతో అది మఱింతగా దాచుకొనును. తన యింట అది నిత్యము ఎట్లుండునో తెలిసినవాడే మార్పును గుర్తింపగలడు. మేత మానుట, ఎండ కాచుకొనుటకు రాకుండుట, ఎప్పుడును ఒకే మూలలో దాగియుండుట, కన్నులు మూసికొనియుండుట, ఒక కాలిని నేలపై మోపకుండుట, సాధుప్రాణి కఱవ వచ్చుట, తొండల రంగు నల్లబడుట, పాము నాలుక చాచి వాసన చూచుట తగ్గుట - ఇవియే వాని కేకలు. చెవితో వినరానివి, కంటితో చూడవలసినవి. వివేకము గలవారు ప్రాణి బరువును వారమున కొకమాఱు తూచి, తిన్న మేతను, చూచిన మార్పును ఒక పుస్తకములో వ్రాసికొందురు. ఆ పుస్తకము వైద్యునికి మందులపెట్టెతో సమానము.

మఱియొక సంగతి మఱవరాదు. మన యింట తలనొప్పికి వాడు బిళ్లను విఱిచి ఇట్టి ప్రాణికి పెట్టరాదు. మనకు మేలుచేయు మోతాదు దానికి ప్రాణాంతకము కావచ్చును. ఏ మందు ఎవరికి పనిచేయునో వైద్యులకే ఎంత కష్టముమీద తెలిసినదో పైన చూచితిమి గదా.

బాధకు మందు వెదకుటకంటె బాధ పుట్టకుండ చూచుట మేలు. పెంపుడు సరీసృపముల రోగములలో ఎక్కువ భాగము పెంపకపు లోపములవలననే కలుగుచున్నవి. ఇగ్వానా యను ఆకుపచ్చని పెద్దబల్లిని చీకటి గదిలో నుంచి, తగని మేత పెట్టినచో దాని ఎముకలు మెత్తబడును. దవడ వాచును, కాళ్లు వంకరపోవును, చిన్న దెబ్బకే ఎముక విఱుగును. ఎముకలకు సున్నపుధాతువు కావలెను. దానిని దేహము గ్రహించుటకు డి విటమిను కావలెను. ఆ విటమిను చర్మములో పుట్టుటకు ఎండలోని అతినీలలోహిత కిరణములు కావలెను. కిటికీ అద్దముగుండా వచ్చు ఎండలో ఆ కిరణములు దాదాపు ఉండవు. అందుకై ప్రత్యేకమైన దీపములున్నవి. ఆ దీపము కొన్ని నెలలకు వెలుగుచునే యుండి ఆ కిరణములనీయుట తగ్గించును. కంటికి వెలుగు కనబడినంతమాత్రమున పని జరుగుచున్నదని నమ్మరాదు.

వెచ్చదనమునకై కొందఱు విద్యుత్తుతో కాగు రాతిని పెట్టెలో పెట్టుదురు. పైనుండి ఎండ తగులుట సరీసృపములకు సహజము. క్రిందినుండి కాల్చు రాయి సహజము కాదు. రాయి మిక్కిలి కాగినను ఆ ప్రాణి దానిమీదనే పడియుండి కడుపు కాల్చుకొన్న సందర్భములు వైద్యులకు సుపరిచితములు. "నొప్పి తెలియదు గనుకనే లేవలేదు" అని కొందఱందురు. కాని ఆ కాలిన గాయముతో అది మేత మాని కృశించుటయు వైద్యులు చూచుచున్నారు. తప్పు ప్రాణిది కాదు. అడవిలో లేని రాతిని దానికిచ్చినవానిది. ఇట్టి ప్రాణులను ముట్టుకొన్న చేతులను సబ్బుతో కడుగుకొనుటయు అవసరము. వానివలన సాల్మొనెల్లా యను సూక్ష్మక్రిమి సోకి కడుపుజబ్బు కలుగవచ్చును.

ఇంతవఱకు అన్యదేశపు పెంపుడు ప్రాణులను గూర్చి తెలిసికొంటిమి. మన దేశమున స్థితి వేఱు. 1972లో చేయబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నక్షత్ర తాబేలు, ఉడుము, త్రాచు, కొండచిలువ మొదలగువానిని పట్టి ఇంట పెంచుట నేరము. నక్షత్ర తాబేలు ఆంధ్రదేశపు మెట్టప్రాంతముల పొదలలోను దొరకును. దాని నల్లని డిప్పపై పసుపుపచ్చని రేఖలు నక్షత్రములవలె మెఱయును. ఆ అందమే దానికి ముప్పు. దొంగవ్యాపారులు దాని కాళ్లు చాపుటకు వీలులేకుండ అంటుపట్టీలతో చుట్టి, పెట్టెలలో క్రుక్కి దూరదేశములకు పంపుచున్నారు. 2019లో దేశములన్నియు కూడి దాని అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించు పట్టికలో దానిని చేర్చినవి. పట్టుపడిన పెట్టెలను విప్పినపుడు అవి కేకలు వేయవు. వేసినచో ఈ వ్యాపారము ఇంతకాలము సాగెడిది కాదేమో.

పాములనాడించువారి బుట్టలోని త్రాచు సంగతియు అట్టిదే. కఱవకుండ దాని కోఱలు పెఱుకుదురు. కొందఱు దాని నోటిని కుట్టుదురు. పడగ విప్పి ఆడుచున్నదని చూచువారు సంతోషింతురు. కాని ఆ నోటిలోని పుండు చీము పట్టి, మేత మ్రింగలేక అది క్రమముగా చచ్చును. పాలు త్రాగుట పాముల స్వభావము కాదు. నీరులేక మాడ్చబడిన పాము ఏ ద్రవము దొరకినను త్రాగును. నాగుల చవితినాడు పామును పూజించు జాతికి పాము నోటి పుండు తెలియకుండుట తగదు. అట్టి త్రాచు కనబడినను, గాయపడిన తాబేలో ఉడుమో కనబడినను విద్యార్థులు చేయదగినది ఒక్కటే. తాము పట్టుకొనరాదు, మందు వేయరాదు. పెద్దలద్వారా అటవీశాఖవారికి వెంటనే తెలుపవలెను. వారు దానిని పశువైద్యునికడకు చేర్చి, కోలుకొన్న పిమ్మట తగినచోట విడిచిపెట్టుదురు.

మన కథలోని బాలుని తాబేలు మూడవ వారమున మేత ముట్టినది. నెలలు గడచినవి. డిప్పపై పగులు ఒక చారగా మిగిలినది. బాలుడు ఇప్పుడు ప్రతి ఉదయమును దాని పెట్టెకడకు పోయి కొంతసేపు చూచును. అది వెచ్చని రాతిమీదికి ఎక్కినదా, తల చాచినదా, కన్నులు తెఱచినదా యని గమనించి పుస్తకములో వ్రాసికొనును. దానికి నొప్పి తెలియదని అతడిప్పుడు అనడు.

దయ గొప్ప గుణము. కాని దయ యొక్కటియే చాలదని ఆ మాడిసన్ నగరపు పరీక్ష మనకు నేర్పుచున్నది. ఆ వైద్యులకు దయ యున్నది. అయినను వారిచ్చిన మందు తాబేటి బాధను తీర్చలేదు. తమ నమ్మకమును తామే పరీక్షించుకొనుటకు సిద్ధపడినపుడే వారి దయ ఫలించినది. కేక వేయు ప్రాణికి సాయపడుటకు చెవి చాలును. కేక వేయలేని ప్రాణికి సాయపడుటకు చూచు కన్నును, తెలిసికొనగోరు బుద్ధియు కావలెను.